పిల్లల మనసు చూసే డాక్టర్ మా పల్లెల దగ్గరికి రావాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

మాది పార్వతీపురం మన్యం జిల్లా. టీచర్‌గా రిటైరై నాలుగేళ్లయింది. నేను చివరిగా పనిచేసిన బడిలో నాలుగో తరగతి పిల్లాడొకడు, వాళ్ల నాన్న పోయాక మాట్లాడడమే మానేశాడు. పలకరిస్తే తల దించుకునేవాడు, రాత్రుళ్లు పక్క తడిపేవాడట. గాలి సోకిందని ఇంట్లోవాళ్లు తాయెత్తు కట్టించారు. నేను తల్లికి నచ్చజెప్పి విశాఖలో ఒక ఆస్పత్రికి పంపాను. చీకటితో బస్సెక్కిన మనిషి రాత్రి పదింటికి ఇల్లు చేరింది, కూలి పోయింది, ఛార్జీలకు అప్పు చేసింది, రెండు వారాలకోసారి తీసుకురమ్మన్నారని చెప్పింది. మూడోసారి వెళ్లలేదు. ఆమెను ఏమని తప్పుపట్టను?

పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) బృందాలు 2013 నుంచి ఉన్నాయి. అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బళ్లకు ఒకసారి వెళ్లి పిల్లల్ని పరీక్షించాలి. మాటలు రావడం ఆలస్యమైనా, చదువులో బాగా వెనకబడినా రాసుకుంటారు, మంచిదే. కానీ రాసుకున్నాక ఆ పిల్లాణ్ని చూసే డాక్టర్ అందుబాటులో ఉండాలి కదా! 2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల వాళ్లలో నూటికి ఏడుగురికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. మూడొందల మంది ఉన్న హైస్కూల్లో ఆ లెక్కన ఇరవై మంది. వాళ్లలో చాలామందిని మేం మొండివాళ్లనీ, సోమరులనీ తిట్టాం, నేనూ తిట్టాను, ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది.

2022లో వచ్చిన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కి ఎవరైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. టెన్షన్‌లో ఉన్న ఇంటర్ పిల్లలకు అది నిజంగా ఉపయోగం. అయితే తల్లితోనే మాట్లాడని ఎనిమిదేళ్లవాడు ఫోన్‌లో ఏం చెబుతాడు? వాణ్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆడించి, బొమ్మలు వేయించి చూడాలి.

అందుకే అడుగుతున్నా. పిల్లల సైకియాట్రిస్ట్ నెలకోసారి, ఫలానా రోజని ముందే చెప్పి, ఏరియా ఆస్పత్రికి రావాలి. మొదటిసారి అక్కడ చూసిన పిల్లల్ని తర్వాత పీహెచ్‌సీ నుంచే వీడియోలో చూడొచ్చు, పక్కన ఏఎన్ఎం ఉంటుంది. సవర, జాతాపు గూడేల పిల్లలకు వాళ్ల మాట తెలిసిన ఆశా కార్యకర్త తోడుండాలి. మందులు పీహెచ్‌సీలోనే ఇవ్వాలి. కలెక్టర్ గారు, వైద్యారోగ్య శాఖ అధికారులు కనీసం ఒక్క ఏరియా ఆస్పత్రిలోనైనా ఈ జూన్‌లో బళ్లు తెరిచేలోగా మొదలుపెట్టాలని కోరుతున్నాను.

– ఓ రిటైర్డ్ టీచర్, పార్వతీపురం మన్యం జిల్లా