బాక్సు మారుతుంది, మీ ప్యాకేజీ మారదు

మా దగ్గర టీవీ కనెక్షన్ తీసుకున్న అందరికీ నమస్కారం.

పాత సెట్‌టాప్ బాక్సులు మార్చుకోవాలని మేము సందేశం పంపగానే చాలామంది అడిగిన ప్రశ్న ఒక్కటే: ‘ఇది కూడా పెద్ద ప్యాకేజీ అంటగట్టే ఎత్తుగడేనా?’ ఆ మాట నాకు తప్పుగా తోచలేదు. ఈ వ్యాపారంలో కొత్త చందాదారును తెచ్చుకోవడం కష్టం. ఉన్నవారిని ఒక మెట్టు పైకి ఎక్కిస్తే పెద్దగా ఖర్చు లేకుండానే రాబడి పెరుగుతుంది. బొమ్మ రావడం లేదని ఫోను చేసిన మనిషికి ముందుగా కొత్త ఆఫర్ వినిపించడం వెనకున్న లెక్క ఇదే.

ఇప్పుడు బాక్సుల సంగతి. మా ప్రసారాలు వచ్చే నెల నుంచి ఎంపెగ్-2 పద్ధతి వదిలి ఎంపెగ్-4కు మారుతున్నాయి. రెండూ దృశ్యాన్ని కుదించి పంపే పద్ధతులే. మొదటిది 1990ల నాటిది. రెండోదానిలో మేము వాడబోయే హెచ్.264 ప్రమాణం 2003లో వచ్చింది. దాదాపు సగం డేటాతోనే అదే నాణ్యత గల బొమ్మను పంపగలదు. కుదించిన దృశ్యాన్ని విప్పే పని బాక్సులోని చిప్‌ది. పాత చిప్ ఈ కొత్త పద్ధతి కోసం తయారైనది కాదు కాబట్టి సాఫ్ట్‌వేర్ మార్చి సరిపెట్టలేం.

దీనివల్ల ముందుగా బాగుపడేది ఎవరంటే, మేమే. అదే కేబుల్‌లో ఇంకా ఎక్కువ ఛానళ్లు పడతాయి. లాభం మాది, ఖర్చు మీది అంటే మీరు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. అందుకని కొత్త బాక్సు, దాన్ని బిగించే కూలి మావే. మీ ప్యాకేజీలో ఒక్క ఛానల్ కూడా మారదు.

4కే బాక్సు గురించి కొందరు అడిగారు. 4కే తెరలో 3840×2160 చుక్కలుంటాయి, ఫుల్ హెచ్‌డీకి సరిగ్గా నాలుగింతలు. అయితే మీ టీవీ హెచ్‌డీది అయితే ఆ బాక్సు పెట్టినా బొమ్మ హెచ్‌డీగానే కనిపిస్తుంది. టీవీ 4కేది అయినా, ఛానల్ పంపేది హెచ్‌డీ అయితే బాక్సు దాన్ని సాగదీసి చూపిస్తుంది, అంతే. చిన్న తెరను గదికి ఆ చివర నుంచి చూసేవారికి అసలైన 4కేకూ హెచ్‌డీకీ తేడా తెలియడమే కష్టం. ఇన్ని చెప్పాక కూడా కావాలంటే సంతోషంగా అమ్ముతాను, నాదీ వ్యాపారమే!

బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోవడం మాత్రం వేరే జబ్బు. కనెక్టరు వదులవడం, కేబుల్‌లోకి నీరు చేరడం, ఇంట్లో స్ప్లిటర్లు ఎక్కువవడం మామూలుగా కనిపించే కారణాలు. రెండు టీవీలకు పంచే స్ప్లిటర్ ఒక్కటి పెట్టినా ఒక్కో టీవీకి సగం సిగ్నల్ కూడా అందదు. పై ప్యాకేజీ కొన్నా తీగ అదే, అందులో నీరూ అదే. ఇలాంటి ఫిర్యాదు మీద వచ్చినవారు సిగ్నల్ కొలవకుండా ప్యాకేజీ మాట ఎత్తితే, వారు మా మనిషైనా సరే, నాకు చెప్పండి.

మా టెక్నీషియన్లకు ప్యాకేజీల మీద కమీషన్ ఉండదు. ‘కొన్నాళ్లు ఉచితం, తర్వాత వద్దంటే ఆపుకోండి’ అనే పథకాలూ మేము పెట్టం. అవి నడిచేదే జనం ఆపడం మరిచిపోతారన్న నమ్మకం మీద.

బాక్సు మార్చడానికి వచ్చినవారు మీ దగ్గర డబ్బు తీసుకోరు. సంతకం పాత బాక్సు తిరిగి ఇచ్చినట్టు రాసిన రసీదు మీద మాత్రమే చేయండి, దాని నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.