జున్ను కాలి సంగతి

కడప
ఆదివారం

పాపా,

బెంగళూరు డాక్టరు చెప్పిన కాలి ఆపరేషన్ మన జున్నుకు ఇప్పుడే వద్దని నా మాట. అసలే వద్దని కాదు, ఇప్పుడు వద్దని. ఫోన్లో చెబుదామంటే మధ్యలో నీకు మీటింగ్ వస్తుంది, లేదంటే మీ అమ్మ ఫోన్ లాక్కుంటుంది. అందుకే కూర్చుని రాస్తున్నా. తీరిగ్గా చదువు. చదివాక కూడా నీకు వేరేగా అనిపిస్తే చెప్పు, కుక్క నీది.

మోకాలు పోయిందని నీ ఫ్రెండ్స్‌తో చెబుతున్నావంట. పోలేదు. మోకాలి చిప్ప జారుతోంది. మన పాత ఇంటి బావి గిలక గుర్తుందా? తాడు గాడిలో నడిచినంతసేపూ చేద సులువుగా పైకొచ్చేది. గాడి అరిగినా, మనిషి పక్కన నిలబడి ఏటవాలుగా లాగినా తాడు జారి ఇరుసు మీద పడేది. కుక్క మోకాల్లోనూ అదే ఏర్పాటు. తొడ ఎముక చివర ఒక గాడి, అందులో పైకీ కిందికీ జరిగే చిప్ప, దాన్ని లాగే తొడ కండరం. ఆ కండరం చివర నరంలా సాగి మోకాలి కింది ఎముకకు అతుక్కుని ఉంటుంది. చిన్న జాతి కుక్కల్లో చాలావాటికి పెరిగేటప్పుడే ఆ గాడి లోతుగా ఏర్పడదు, లేదా అతుక్కునే చోటు కాస్త లోపలికి ఉంటుంది. అప్పుడు చిప్ప లోపలి వైపుకు జారుతుంది. జారినప్పుడు కాలు చాచలేదు కాబట్టి పైకెత్తి మూడు కాళ్ల మీద గెంతుతుంది. చిప్ప మళ్లీ గాడిలో పడగానే ఏమీ ఎరగనట్టు పరిగెడుతుంది. ఇది వంశంలో వచ్చేది. నువ్వు సోఫా మీంచి దూకనిచ్చినందుకు వచ్చింది కాదు, ఆ దిగులు వదిలెయ్.

(అన్నట్టు, నువ్వు పామరేనియన్ అని కొన్నది ఇండియన్ స్పిట్జ్ అంట. డాక్టరు చూడగానే నవ్వాడు. మన దేశంలో పామ్ అని అమ్మేవాటిలో చాలా వరకూ అవేనంట. మీ అమ్మ మాత్రం వీధిలో ఇంకా పామరేనియన్ అనే చెబుతోంది.)

డాక్టర్లు దీన్ని నాలుగు గ్రేడులుగా చూస్తారు. ఒకటో గ్రేడులో చేత్తో నెడితే చిప్ప జారుతుంది, వదిలితే తనే వెనక్కి వస్తుంది. రెండులో నడుస్తుంటే తనంతట తనే జారి, తనంతట తనే సర్దుకుంటుంది, లేదా కాలు ఒకసారి విదిలిస్తే సర్దుకుంటుంది. మూడులో ఎక్కువసేపు బయటే ఉంటుంది, చేత్తో లోపలికి నెట్టినా నిలవదు. నాలుగులో నెట్టినా రాదు. మన జున్నుకు ఎడమ కాలు రెండు, కుడి కాలు ఒకటి. ఇక్కడి డాక్టరుదీ, బెంగళూరులో నువ్వు ఎక్స్‌రే చూపించిన డాక్టరుదీ ఈ విషయంలో ఒకే మాట. కానీ ఆపరేషన్ విషయంలో ఇక్కడాయన కొన్నాళ్లు చూద్దామన్నాడు, బెంగళూరాయన రెండు కాళ్లూ వెంటనే చేయిద్దామన్నాడు.

బెంగళూరు డాక్టరు మాట కొట్టిపారేసేది కాదు. చిప్ప జారిన ప్రతిసారీ గాడి అంచును రాసుకుంటూ పోతుంది, కీలు లోపల ఎముక మీద ఉండే నున్నటి పొర, మృదులాస్థి అంటారు, అది అరుగుతుంది, ముందు ముందు కీళ్లవాతం వస్తుంది. ఇలాంటి కాళ్లలో తర్వాత మోకాలి లోపలి లిగమెంటు, అంటే రెండు ఎముకలనూ కలిపి పట్టి ఉంచే కట్టు, తెగిన కుక్కలూ ఉన్నాయి. అదంతా నిజమే. ఐదు నెలల పిల్లకు మూడో గ్రేడు ఉందంటే నేనే ముందు కారెక్కించేవాణ్ణి. ఎముక ఇంకా పెరుగుతుంటుంది కాబట్టి తప్పుదారిలో లాగే కండరం ఎముకనే వంకర చేస్తుంది, అక్కడ ఒక్కో నెలా నష్టమే. జున్నుకు పద్నాలుగు నెలలు. ఎముక ఎదుగుదల అయిపోయింది. ఎక్స్‌రేలో తొడ ఎముక, కింది ఎముక తిన్నగా ఉన్నాయని ఇద్దరూ అన్నారు. రెండు మూడు నెలలు ఆగితే చేయిదాటిపోయేది ఇక్కడ లేదు.

ఇంకొకటి. ఎక్స్‌రే బల్ల మీద పడుకున్న కుక్క గురించి చెబుతుంది. నడిచే కుక్క గురించి మనమే చెప్పాలి. అందుకే నేను ఫోన్లో స్లోమోషన్ వీడియోలు తీస్తున్నా, నీకు కొన్ని పంపాను కూడా. నువ్వు కాలు ఎత్తే చోటే చూసి కంగారు పడ్డావు. మిగతాది చూడు. రెండు గంతుల మధ్య నడకలో కుంటు లేదు. కూర్చున్నప్పుడు ఎడమ కాలు పక్కకు చాపట్లేదు. రెండు తొడలూ చేత్తో పట్టి చూస్తే ఒకే లావు. నొప్పి ఉన్న కాలైతే కుక్క దాని మీద బరువు వెయ్యక కండ సన్నబడుతుంది. డాక్టరు తొడ ఎముకను ఒక చేత్తో గట్టిగా పట్టుకుని కింది ఎముకను ముందుకు లాగి చూశాడు, డ్రాయర్ టెస్ట్ అంటారంట. కదల్లేదు. లిగమెంటు బాగుందని అర్థం.

గెంతడం ఎక్కడ ఎక్కువో కూడా వీడియోల్లోనే తెలిసింది. హాల్లో. గేటు చప్పుడైతే టైల్స్ మీద జర్రున తిరుగుతుంది చూడు, అప్పుడు. పెరట్లో గరుకు బండల మీద ఎంత ఉరికినా కాలెత్తడం అరుదు. కడప బండలు పుట్టిన ఊళ్లో ఇల్లు కట్టుకుంటూ, అద్దంలా మెరిసే టైల్స్ కావాలని నువ్వూ మీ అమ్మా పట్టుబట్టి వేయించారు. ఇప్పుడు ఆ టైల్స్ మీద రబ్బరు మ్యాట్లు పరిచాం. హాలు ఏదో జిమ్ములా ఉంది. పాదాల కింద వేళ్ల మధ్య బొచ్చు కత్తిరిస్తున్నా, గోళ్లు పొట్టిగా ఉంచుతున్నా. దివాను ఎక్కడానికి పాత ట్రంకుపెట్టె మెట్టుగా పెట్టాం. దాన్ని వదిలేసి పక్కనుంచి దూకుతోంది, అది వేరే సంగతి.

అన్నిటికంటే కష్టమైన పని బరువు. ఆరున్నర కిలోలు ఉంది, ఒక కిలో తగ్గాలన్నాడు డాక్టరు. మనిషికి కిలో లెక్కకు రాదు కానీ ఆరున్నరలో ఒకటంటే ఎంతో చూసుకో. మీ అవ్వతో గొడవ రోజూ ఉంది. సంగటి ముద్దలో నెయ్యి వేసి గుట్టుగా పెడుతుంది, అడిగితే కుక్క కళ్లతో అడిగిందంటుంది. ఇప్పుడు జున్ను తిండి అంతా పొద్దున్నే ఒక డబ్బాలో కొలిచి పెడుతున్నా. అవ్వ పెట్టాలనుకుంటే ఆ డబ్బాలోంచే పెట్టాలి. కూర ముక్కలు అసలు పెట్టొద్దని చెప్పా, వాటిలో ఉల్లిపాయ ఉంటుంది, అది కుక్కలకు పడదు.

సలహాలకు కొదవ లేదు. పుత్తూరు కట్టు కట్టించమని అవ్వ. విరిగిన ఎముకకైతే పుత్తూరు పోతారు, ఇక్కడ విరిగిందేమీ లేదు కదమ్మా అంటే, కట్టిస్తే పోయేదేముంది అంటుంది. ఎదురింటాయన తన మోకాళ్ల నొప్పి మాత్ర సగం చేసి ఇవ్వమన్నాడు. నువ్వు వచ్చినప్పుడు కూడా పొరపాటున అలాంటిది వెయ్యొద్దు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మనుషుల మాత్రలు కుక్కలకు కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలు దెబ్బతీస్తాయి. నొప్పి ఉంటే కుక్కలకు వేరే మందు ఉంది, దాని బరువును బట్టి డాక్టరే రాస్తాడు. నువ్వు ఆన్‌లైన్లో పంపిన కీళ్ల పొడి డబ్బా అయిపోయేదాకా వేస్తాను, మళ్లీ కొనొద్దు. దాంతో గాడి లోతు పెరగదు. వీధి చివరింటివాళ్లు తమ మగ కుక్కతో జత కట్టించమన్నారు, కుదరదని చెప్పేశా. ఈ కాలు పిల్లలకూ వస్తుంది. ఎప్పుడైనా ఆపరేషన్ చేయించే పక్షంలో అదే మత్తులో పిల్లలు పుట్టకుండా కూడా చేయించవచ్చేమో అడగాలి.

ఇక ఆపరేషన్ సంగతి. నాకు భయం కత్తి మీద కాదు. చేసేది ఏంటో తెలుసుకున్నా. గాడిని లోతు చేస్తారు. కండరం అతుక్కునే ఎముక ముక్కను కోసి కాస్త బయటికి జరిపి పిన్ను వేస్తారు. లోపలి వైపు బిగుతును వదులు చేసి, బయటి వైపు వదులును బిగిస్తారు. ఏ కుక్కకు ఇందులో ఏవి కావాలో దాని కాలిని బట్టి ఉంటుంది. లాగే దారి పక్కకు ఉంటే ఒక్క గాడి లోతు చేసి పంపితే మళ్లీ జారవచ్చు. అందుకే బెంగళూరు డాక్టరును నువ్వు అడగాల్సింది ఖర్చు కాదు. ఈ మూడింటిలో ఏవి చేస్తారు, ఎందుకు, ఇలాంటి కాళ్లు ఎన్ని చేశారు, మళ్లీ జారినవి ఉన్నాయా, ఒకటో గ్రేడు ఉన్న కుడి కాలు కూడా ఎందుకు చేయాలంటున్నారు అని అడుగు. ఆ చివరి ప్రశ్నకు నాకు నచ్చే జవాబు దొరకలేదు. ఇబ్బంది పెట్టని ఒకటో గ్రేడు కాలును మామూలుగా కోయరు.

డాక్టరు పని ఒక పూటలో అయిపోతుంది. ఆ తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాలు మన పని. పరుగు లేదు, మెట్లు లేవు, దూకడం లేదు. చిన్న కంచెలో ఉంచాలి, బయటికి తాడు కట్టి తీసుకుపోయి వెంటనే తేవాలి, కుట్లు నాకకుండా మెడకు కాలర్ వేయాలి. నీ పీజీలో కుక్కను రానివ్వరు కాబట్టి అదంతా ఇక్కడే. గేటు చప్పుడుకు గాల్లోకి లేచే కుక్క ఇది. అంత బొచ్చున్నదాన్ని ఏప్రిల్, మే నెలల్లో కడప ఎండలో కంచెలో పెట్టడం నా వల్ల కాదు. చేయించడమే అయితే శివరాత్రి లోపు తేల్చుకోవాలి, అప్పుడు ఎండలు ముదిరేలోపు కోలుకుంటుంది. లేదంటే వానలు పడ్డాకే.

ఈ రెండు నెలల్లో నా మాట దేనికి మారుతుందో ముందే రాసిపెడుతున్నా, తర్వాత నేను మొండికేస్తున్నానని నువ్వు అనకూడదు. మ్యాట్ల మీద కూడా గెంతులు ఎక్కువైతే, కాలు ఎత్తి సర్దుకోవడానికి ఇప్పటికంటే ఎక్కువసేపు పడితే, ఎడమ తొడ సన్నబడితే, కాలు ముట్టుకుంటే మూలిగితే, డాక్టరు మళ్లీ చూసి మూడు అంటే, నేనే సెలవు పెట్టి తీసుకుపోతా. ఉన్నట్టుండి ఒకరోజు కాలు అసలు కింద పెట్టకపోతే శివరాత్రి దాకా ఆగేది లేదు, అది లిగమెంటు కావచ్చు, ఆ రోజే బయలుదేరుతాం. రెండో అభిప్రాయం కావాలంటే బెంగళూరు ఒక్కటే కాదు. ప్రొద్దుటూరులో వెటర్నరీ కాలేజీ ఉంది, తిరుపతిలో 1955 నుంచీ ఉంది. రెండు చోట్లా ఫోన్ చేసి ఎముకల డాక్టరు ఉండే రోజు కనుక్కుంటా.

కోపం తెచ్చుకోనంటే ఒక మాట. దాన్ని మా దగ్గర వదిలి వెళ్లానన్న బాధ నీలో ఉంది, మీ అమ్మకు పెట్టే మెసేజ్‌ల్లో కనిపిస్తుంది. డబ్బు పంపి పెద్ద ఆపరేషన్ చేయిస్తే ఆ బాధ తగ్గుతుంది. తగ్గేది నీది. దాని కాలికి అవసరమా కాదా అన్నది దాంతో తేలదు. అది నిన్ను మర్చిపోలేదు, వీడియో కాల్‌లో నీ గొంతు వింటే టీవీ వెనక్కి వెళ్లి వెతుకుతుంది.

సంక్రాంతికి రెండు రోజులు ముందే వచ్చేటట్టు సెలవు చూసుకో. పండక్కి ముందైతే డాక్టరు ఊళ్లో ఉంటాడు, ముగ్గురం కలిసి వెళ్దాం, అడగాల్సినవి నువ్వే అడుగు. వచ్చేటప్పుడు ఎక్స్‌రే సీడీ తీసుకురా, నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫోటోలో డాక్టరుకు అన్నీ సరిగ్గా కనపడలేదు. బస్సు టికెట్ ఈ వారమే చేసుకో, పండగ ముందు దొరకవు.

మీ నాయన