విద్యార్థి క్లబ్బుల నిధి: 2024-25 జమా ఖర్చుల వివరణ

తల్లిదండ్రులకు, పూర్వ విద్యార్థులకు, సంఘస్థులకు వందనాలు. చిత్తూరులోని మన స్కూల్లో క్లబ్బుల కోసం మీరిచ్చిన డబ్బుకు లెక్క ఇది.

కిందటేడు మిగులు రూ.3,150. ఇంటికి 300 చొప్పున 86 కుటుంబాలు ఇచ్చిన చందా రూ.25,800. పూర్వ విద్యార్థులు రూ.18,000 పంపారు. కోత పండుగ ప్రత్యేక కానుకలోంచి చర్చి వారు రూ.5,000 ఇచ్చారు. క్రిస్మస్ స్టాల్‌లో పిల్లలు కేకులు, గ్రీటింగ్ కార్డులు అమ్మితే రూ.7,640 వచ్చింది. మొత్తం జమ రూ.59,590.

ఆ స్టాల్ లెక్క రాసింది తొమ్మిదో తరగతి అమ్మాయి. సాయంత్రం డబ్బు లెక్కపెడితే 40 రూపాయలు తక్కువ వచ్చింది. మేం సర్దేస్తామన్నా ఒప్పుకోలేదు. నోటుబుక్కు మొదటి పేజీ నుంచి మళ్లీ చూసుకుంటూ వచ్చి, వాచ్‌మన్ తాతకు రెండు కార్డులు అప్పు ఇచ్చిన సంగతి పట్టుకుంది. మర్నాడు వసూలు చేసి జమ కట్టింది. పిల్లలకు బాధ్యత అప్పజెప్పాలని ఎందుకు అంటామో ఆ రోజు మాకే బాగా తెలిసొచ్చింది.

ఖర్చులో పెద్దది తిరుపతి రీజనల్ సైన్స్ సెంటర్‌కి సైన్స్ క్లబ్ ప్రయాణం. 48 మంది వెళ్లారు. బస్సుకు రూ.12,000 అనుకున్నాం. మాట్లాడుకున్న బస్సు రాదని ముందురోజు రాత్రి చెప్పారు. అప్పటికప్పుడు వేరే బస్సు దొరికినా రూ.14,500 అయింది. ఆ ఎక్కువైన 2,500 గురించి కొందరు అడిగారు, అడగడం న్యాయమే. ఈసారి నుంచి అడ్వాన్సు ఇచ్చి రసీదు తీసుకుంటాం. టికెట్లు, భోజనాలు కలిపి రూ.7,200.

లీడర్లకు, క్లబ్ సెక్రటరీలకు రెండు రోజుల శిక్షణకు రూ.9,800. సాహిత్య క్లబ్ గోడపత్రిక, పుస్తకాలు, వక్తృత్వ పోటీ బహుమతులకు రూ.8,275. ఎకో క్లబ్ మొక్కలు, ఎరువు, కంపోస్టు తొట్టికి రూ.6,350. ఇందులో రూ.850కి బిల్లు లేదు, రోడ్డు పక్క నర్సరీలో కొన్నాం. ఇద్దరు టీచర్ల సంతకాలతో చీటీ రాసి ఫైల్లో పెట్టాం. వేప, కానుగ మొక్కలకు సెలవుల్లో కూడా వంతులవారీగా నీళ్లు పోసింది పిల్లలే. పాటల బృందం కీబోర్డు రిపేరుకు రూ.2,900.

లీడర్ల బ్యాడ్జీలు, భుజం మీదుగా వేసుకునే శాష్‌లకు రూ.4,600. ఇది అనవసర ఖర్చని మీటింగులో ఒక మాట వచ్చింది. కిందటేడు దాకా ఎవరి బ్యాడ్జీ వాళ్లే కొనుక్కోవాలి. హౌస్ కెప్టెన్‌గా నిలబడదామనుకున్న ఒక అబ్బాయి నామినేషన్ వెనక్కి తీసుకున్నాడు. కారణం మాకు చాలా రోజుల తర్వాత తెలిసింది, ఇంట్లో డబ్బు అడగలేకపోయాడు. చాలా బాధేసింది. దేవుడిచ్చిన తలాంతుకు (ప్రతిభకు) ఫీజు అడ్డం రాకూడదని ఈ ఏడాది నిధిలోంచే కొన్నాం. ఆ అబ్బాయి మళ్లీ నిలబడ్డాడు, రహస్య ఓటింగులో గెలిచాడు. అసెంబ్లీలో ప్రమాణం చేస్తుంటే వాళ్ల అమ్మ వెనక వరసలో నిలబడి చూసింది. వచ్చే ఏడాది కూడా ఈ ఖర్చు నిధిలోంచే పెట్టాలని కమిటీ గట్టిగా కోరుతోంది.

మొత్తం ఖర్చు రూ.53,625. నిల్వ రూ.5,965. ఇందులో రూ.5,000 బ్యాంకులో, రూ.965 చేతిలో ఉంది. బిల్లులు, పిల్లల నోటుబుక్కు ఆఫీసులో ఉన్నాయి. శనివారం మధ్యాహ్నం ఎవరైనా వచ్చి చూడవచ్చు.

— క్లబ్బుల నిధి కమిటీ