పాట కట్టుకోవడానికి మీ చోటు ఏది?

అందరికీ నమస్కారం. వాయించుకోవడానికి, ట్యూన్ కట్టుకోవడానికి మీకు ఇష్టమైన చోటు ఏదో ఇక్కడ రాయండి. స్టూడియోలు, స్టేజీలు వద్దు, మామూలు చోట్లే.

నా ఓటు మెట్ల దారికి. చుట్టూ గట్టి గోడలు, పైదాకా ఖాళీ. ఒక తీగ మీటి ఆగితే ఆ స్వరం పై అంతస్తు వరకూ పోయి నెమ్మదిగా ఆరిపోతుంది. అది వింటూ ఉంటే తర్వాతి స్వరం దానంతటదే తోస్తుంది. అక్కడ నాకు నిదానమైన ట్యూన్లే వస్తాయి. వేగం పెంచితే మాత్రం స్వరాలు ఒకదాని మీద ఒకటి పడి కలగాపులగం అయిపోతాయి. తాళం సాధనకు ఆ చోటు పనికిరాదు.

సాహిత్యం రాయడానికి ఆపి ఉంచిన కారు చాలా మంచిది. మెత్తటి సీట్లు ధ్వనిని పీల్చేస్తాయి కాబట్టి గొంతు ఉన్నదున్నట్టు వినిపిస్తుంది, నోరు తిరగని మాట వెంటనే దొరికిపోతుంది. ఫోన్‌లో రికార్డింగ్‌కూ అదే మేలు. బాత్రూమ్ టైల్స్ మధ్య గొంతు నిండుగా ఉంటుంది, నిజమే, కానీ చిన్న చిన్న తప్పులు మరుగున పడిపోతాయి.

మీ చోటుతో పాటు అక్కడ ఏ వాద్యం వాయిస్తారో కూడా చెప్పండి. వీలైతే అర నిమిషం వాయిస్ నోట్ పెట్టండి, తప్పకుండా వింటాను.