గుడి మీద గొడవ, హద్దు మీద కన్ను

సంపాదకులకు,

ఏ రెండు దేశాలు కొట్టుకున్నా 'మత యుద్ధం' అని శీర్షిక పెట్టేయడం ఈమధ్య అలవాటైపోయింది. మీ పత్రిక ఒక్కటే అనను, టీవీలు ఇంకా ఘోరం. నేను హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. పిల్లలు పరీక్షలో ఇలా ఒక్క ముక్కలో రాసి వదిలేస్తే సగం మార్కులే వేసేవాణ్ణి.

థాయ్‌లాండ్, కంబోడియాల సంగతే చూడండి. 2025 జులైలో ఒక పాత గుడి దగ్గర కాల్పులు మొదలవగానే గుడి కోసం యుద్ధం అన్నారు. రెండూ బౌద్ధులు ఎక్కువగా ఉన్న దేశాలే. వాటి మధ్య ఏళ్ల తరబడి నలిగిన మరో గుడి ప్రీహ్ విహార్ ఏమో, ఒకప్పుడు కంబోడియాను ఏలిన ఖ్మేర్ రాజులు కట్టించిన శివాలయం! డాంగ్రెక్ కొండల అంచున ఉంటుంది. కంబోడియా వైపు నిలువు లోయ, థాయ్‌లాండ్ వైపు నుంచి ఎక్కడం తేలిక. కొండ మీది నీళ్లు ఎటు పారితే అటు ఆ దేశానిదని 1904 ఒప్పందంలో రాసుకున్నారు. తర్వాత, అప్పట్లో కంబోడియాను ఏలుతున్న ఫ్రెంచివాళ్లు గీసిన పటంలో గుడి కంబోడియాలోకి పోయింది. 1962లో అంతర్జాతీయ న్యాయస్థానం దాన్ని 9-3తో కంబోడియాకే ఇచ్చింది. ఆ గుడి ఏ దేవుడిదన్నది తీర్పుకు అక్కరకు రాలేదు. పటం చేతిలో పెట్టుకుని ఇన్నేళ్లు ఎందుకు నోరెత్తలేదనే థాయ్‌లాండ్‌ను అడిగారు. గుడి ఖాళీ చేసేటప్పుడు థాయ్ సైనికులకు జెండా దించడానికి మనసొప్పక, స్తంభాన్నే పెకలించి జెండాతో సహా మోసుకుపోయారు. అందులో భక్తి కన్నా పరువే ఎక్కువ కనిపిస్తుంది నాకు.

ఒకే మతమైతే ఒకే జట్టు అనేదీ నిలవదు. అజర్‌బైజాన్‌లో షియా ముస్లింలే ఎక్కువ. అయినా షియా ఇరాన్ మొదటినుంచీ, అజర్‌బైజాన్‌తో పోరాడిన క్రైస్తవ ఆర్మేనియాతోనే సఖ్యంగా ఉంటూ వచ్చింది. ఇరాన్ వాయవ్య ప్రాంతంలో అజర్‌బైజాన్ ప్రజల జాతివాళ్లే అయిన అజరీలు పెద్ద సంఖ్యలో ఉన్నారు, పక్కదేశం బలపడితే వాళ్లు అటు చూస్తారేమోనని దాని టెన్షన్ దానిది. ఇక 1971లో పాకిస్తాన్ రెండుగా చీలిన సంగతి మన పాఠకులకు నేను చెప్పాలా?

మతానికి పాత్రే లేదని మాత్రం అనను. 1987లో మక్కాలో ఇరాన్ యాత్రికుల ప్రదర్శన ఘర్షణగా మారి 400 మందికి పైగా పోయారు. మరుసటి ఏడాది సౌదీ, ఇరాన్ తెగతెంపులు చేసుకున్నాయి, 1990 దాకా ఇరాన్ నుంచి హజ్‌కు ఎవరూ వెళ్లలేదు. 2016లో మళ్లీ అదే కథ. కానీ 2017లో, రాయబార కార్యాలయాలకు ఇంకా తాళాలుండగానే, యాత్రికులు వెళ్లొచ్చారు. బస, భద్రత, కోటా మాట్లాడుకోవడానికైనా రెండు వైపుల అధికారులు ఎదురెదురుగా కూర్చోక తప్పలేదు. బీజింగ్‌లో రాజీ కుదిరింది 2023లో. విదేశాంగ మంత్రుల ఫొటోలు వేస్తారు గానీ ఈ యాత్రల కబుర్లు లోపలి పేజీలో రెండు లైన్లకు మించవు.

నాకు బాగా నచ్చిన ఉదాహరణ అర్జెంటీనా, చిలీలది. బీగిల్ జలసంధి దగ్గరి మూడు చిన్న దీవుల కోసం 1978 డిసెంబరులో యుద్ధం అంచుకు వెళ్లాయి. అంతకుముందు బ్రిటన్ రాణి పేరున వచ్చిన మధ్యవర్తి తీర్పు చిలీకి అనుకూలంగా ఉందని అర్జెంటీనా కొట్టిపారేసింది. రెండూ కేథలిక్ దేశాలు, ఆ బంధం సైన్యాలను ఆపలేదు. అయితే రెండో జాన్ పాల్ పోప్ తన దూతగా కార్డినల్ సమోరేను పంపేసరికి సైనిక పాలకులకు వెనక్కి తగ్గే దారి దొరికింది. శత్రువు ముందు తగ్గితే పరువు తక్కువ, పోప్ మాట విన్నామంటే ఇంట్లో ఎవరూ తప్పుపట్టరు. ఒప్పందం 1984లో కుదిరింది. దీవులు చిలీకే దక్కాయి. రాణి ఇస్తే వద్దన్నది, పోప్ చెబితే సరేనన్నారు!

నా విన్నపం చిన్నది. ఇలాంటి వార్త వేసేటప్పుడు పక్కనే ఒక పటం వేయండి. అక్కడ నీళ్లు, దారులు ఎవరి చేతిలో ఉన్నాయో, పాత ఒప్పందంలో ఏముందో నాలుగు వాక్యాలు రాయండి. చోటు చాలకపోతే నాయకుల ఫొటో కాస్త తగ్గించండి.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు