క్రోషే కళాకారులను ప్రకటనలు చిన్నబుచ్చరాదు

క్రోషే అల్లికను పనిలేని ముసలివారి కాలక్షేపంగా చూపించే వాణిజ్య ప్రకటనలు ఈ కళను శ్రద్ధగా సాధన చేస్తున్న నావంటి వారిని నొప్పిస్తున్నాయి. లోకం పోకడ తెలియని మనిషిని చూపించాలనుకున్నప్పుడల్లా కళ్లద్దాలు, వాలుకుర్చీ, ఒళ్లో ఊలు ఉండతో ఒక బామ్మ తెరమీదికి వస్తుంది. క్రోషేకు కొక్కెం ఉన్న సూది ఒక్కటే చాలునన్న సంగతైనా కనుక్కోకుండా, ఆమె చేతికి స్వెటర్లు అల్లే రెండు పొడవాటి సూదులు ఇస్తారు. వృద్ధులు అల్లడంలో తక్కువతనమేమీ లేదు, మాలో ఎందరికో ఈ విద్య నేర్పింది వారే. వారిని నవ్వులపాలు చేయడమే మాకు బాధ కలిగిస్తోంది. వరుస వరుసకూ కుట్లు లెక్కపెట్టుకుంటూ, ఎక్కడ పెంచాలో ఎక్కడ తగ్గించాలో ముందే ఊహించుకుంటూ సాగే ఈ పనిలో ఎంత గణితం ఉందంటే, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో గణితం బోధించిన డైనా తైమిన్యా 1997లో అతిపరావలయ జ్యామితిని, అంటే గుర్రపు జీనులా వంపు తిరిగే ఉపరితలాల గణితాన్ని, విద్యార్థులు చేత్తో తాకి తెలుసుకునేందుకు క్రోషే నమూనాలనే అల్లారు. మరోవైపు, దుస్తుల ప్రకటనల్లో క్రోషే వస్త్రం తొడుక్కున్న మోడల్ కనిపిస్తుందే తప్ప, గంటల తరబడి దానిని అల్లిన చేయి ఎన్నడూ కనిపించదు. ప్రకటన సంస్థలు చిత్రీకరణకు ముందు అల్లిక తెలిసిన ఒకరిని సంప్రదించాలి, యువతీ యువకులు అల్లుతున్న దృశ్యాలకూ చోటివ్వాలి. అల్లేవారిని ఎగతాళి చేసే ప్రకటనలు వచ్చినప్పుడు, ప్రచురించడానికి ముందే మార్పులు చేయమని పత్రికలు కోరాలి.