జాలీ మూత పెట్టెలు ఇక చెయ్యను

చెట్టు మీద బతికే టరాంటులాల (పెద్ద వెంట్రుకల సాలీళ్ల) కోసం మా కొట్లో పెట్టెలు చేయించుకున్న వాళ్లందరికీ నమస్కారం. మీ పెట్టెకి పైన ఇనుప జాలీ మూత ఉంటే దయచేసి తీసుకురండి, మార్చి ఇస్తాను. డబ్బులేం వద్దు, తప్పు నాది.

ఇరవై ఏళ్లుగా చేపల ట్యాంకులు కట్టిన చెయ్యి ఇది. నాలుగు వైపులా గాజు, పైన మూత, అంతకుమించి తట్టలేదు. చేపల ట్యాంకులో నీళ్లు కారకపోతే చాలు, సాలీడు పెట్టెకి గాలి ఆడాలి. పోయిన వానాకాలంలో ఎం.వి.పి. కాలనీ నుంచి ఒకబ్బాయి చనిపోయిన పింక్ టో టరాంటులాని పెట్టెతో సహా తెచ్చాడు. మూత తియ్యగానే గుప్పున బూజు వాసన. దక్షిణ అమెరికా వాన అడవులది కదా అని పాపం రోజూ నీళ్లు చల్లాడట. అక్కడ కొమ్మల్లో గాలి ఆడుతూనే ఉంటుంది. మా పెట్టెలో ఆ తడి అడుగున పట్టేసింది. అసలే వైజాగ్, బట్టలే ఆరవు! చల్లమని చెప్పిందీ నేనే, అది ఇంకా బాధ.

కొత్త పెట్టెకి తలుపు ముందు వైపు ఉంటుంది. ఈ జాతి పై మూలలో గూడు అల్లుకుంటుంది. మూత ఎత్తితే గూడు చిరుగుతుంది, బెదిరిన సాలీడు సరాసరి చేతి మీదకి వస్తుంది. గాలికి ముందు వైపు కింద, వెనక వైపు పైన అక్రిలిక్ పలకల్లో రంధ్రాలు వేయిస్తున్నాను. జాలీ ఎక్కడా లేదు, కాలి కొసన ఉండే గోళ్లు అందులో ఇరుక్కుంటాయి. పలకలు ఆటోనగర్‌లో కోయిస్తాను. డ్రిల్ బిట్ తొందరగా తిప్పితే అక్రిలిక్ కరిగి రంధ్రం పూడిపోతోంది, మొదటి నాలుగు పలకలు అలాగే చెత్తలో పడ్డాయి.

కాళ్లు చాపితే 12 నుంచి 15 సెంటీమీటర్లుండే పెద్దదానికి 20 వెడల్పు, 20 లోతు, 30 ఎత్తు సెంటీమీటర్ల పెట్టె సరిపోతుంది. రెండడుగులది కావాలని వస్తే నేనే వద్దంటున్నాను, తినడానికి వేసిన పురుగు ఏ మూల దాక్కుందో దానికీ తెలియదు, మీకూ తెలియదు. స్లింగ్స్‌కైతే (సాలీడు పిల్లలకి) నా దగ్గర కొనకండి, సన్న రంధ్రాలు పెట్టిన చిన్న ప్లాస్టిక్ డబ్బా చాలు. లోపల నిలువుగా ఒక బెరడు ముక్క, అడుగున కొబ్బరి పొట్టు, చిన్న గిన్నెలో ఎప్పుడూ నీళ్లు. చల్లాలనిపిస్తే ఒక పక్కన కాస్త చల్లి, ఆరాకే మళ్లీ చల్లండి. ఎండ పడే కిటికీ దగ్గర మాత్రం వద్దు, గాజు పెట్టె పొయ్యి అయిపోతుంది.

ధర 350 రూపాయలు పెరిగింది. పది రోజులు టైం కూడా కావాలి. బాత్రూంలకి వాడే సిలికాన్‌లో బూజు మందు కలుపుతారు, అందుకే అక్వేరియంది మాత్రమే వాడతాను. దాని పులుపు వాసన పూర్తిగా పోయేదాకా పెట్టె ఇవ్వను.

గుత్తి నీలి సాలీడు అనే మన టరాంటులాకి పెట్టె కావాలని ఇద్దరు అడిగారు. పేరు గుత్తిదే గానీ 2001లో మళ్లీ కనబడింది నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో. అంతరించే దశలో ఉంది, 2019 నుంచి దాని ప్రజాతిలోని జాతులన్నీ సైటిస్ (అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) జాబితాలో ఉన్నాయి. అడవిలో పట్టి తెచ్చినదానికి నేను చెయ్యను.

పాత పెట్టెలు సోమవారం నుంచి శనివారం దాకా ఎప్పుడైనా తేవచ్చు. ఖాళీవే తేవాలి. మొన్న ఒకాయన సాలీడుతో సహా టేబుల్ మీద పెట్టాడు, మా కుర్రాడు మధ్యాహ్నం దాకా కొట్లోకి రాలేదు.